రిపేర్ వద్దన్నారు

మా అన్న కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. బోధన్‌లో నిజామాబాద్ రోడ్డు మీద ఆయనకో రేకుల షెడ్డు ఉంది. రైతులు బోర్లలోంచి గుంజిన మోటార్లను ఆటోల్లో వేసుకొచ్చి అక్కడ దింపుతారు. అన్న వాటిని విప్పి, మాడిన రాగి తీగంతా లాగేసి, కొత్త తీగ చుట్టి మళ్లీ బిగిస్తాడు. దింపగానే ప్రతి రైతూ అడిగే మాట ఒక్కటే: "మంచిగ నడుస్తదా?" అన్న తలెత్తకుండా చెప్పే జవాబూ ఒక్కటే: "కొత్తదాని లెక్క నడుస్తది, ఫికర్ జెయ్యకు." అది అబద్ధమని అన్నకు తెలుసు. అడిగిన రైతుకూ తెలుసు, ఎందుకంటే అదే మోటారును పోయిన ఎండాకాలం కూడా అతనే తెచ్చాడు. కొత్తది కొనలేనివాడికి ఆ అబద్ధమైనా వినకపోతే ఇంటికి పోవడానికి కాళ్లు రావు.

నా గుండె ఆపరేషన్ గురించి రాద్దామని కూర్చుని మోటార్ల దుకాణంతో ఎందుకు మొదలుపెట్టానని మీరు అడగొచ్చు. నా గుండె సంగతి తేల్చింది ఆ దుకాణమే. డాక్టర్లు కోశారు, కుట్టారు, అంతే.

మాది బోధన్ పక్క ఊరు. బాపు చెరుకు వేసేవాడు. అవ్వ బీడీలు చేసేది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు పోయింది, వరి వచ్చింది. వరితో బోర్లు వచ్చాయి, బోర్లతో మోటార్లు కాలడం వచ్చింది. అన్న బతుకుదెరువు అక్కడే దొరికింది. కానీ నా కథ అంతకు ముందే, ఫ్యాక్టరీ గొట్టం నుంచి పొగ వస్తున్న రోజుల్లోనే మొదలైంది.

నాకు పన్నెండేళ్లప్పుడు గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. తగ్గాక కొన్నాళ్లకు మోకాలు వాచింది. అది తగ్గేసరికి రెండోది వాచింది, తర్వాత మడమ. అవ్వ ఆముదం ఆకు వేడిచేసి కట్టింది. ఊళ్లో అందరూ "వాతం" అన్నారు. పన్నెండేళ్ల పిల్లకు వాతమేమిటని ఒక్కరూ అడగలేదు. చివరికి నిజామాబాద్ తీసుకుపోతే అక్కడి పెద్ద డాక్టరు బాపును కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. ఈ జ్వరం కీళ్లను నాకి వదిలేస్తుంది గానీ గుండెను కరుస్తుంది, మళ్లీ మళ్లీ రాకుండా మూడు వారాలకొకసారి సూది వేయించాలి, పిల్ల పెద్దదయ్యేదాకా ఆపొద్దు అని. బాపు తలూపాడు. బాపు డాక్టర్ల ముందు ఎప్పుడూ తలూపేవాడు.

ఆ సూదికి నన్ను తీసుకుపోయే పని మా అన్నది. అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని బోధన్ తీసుకుపోయేవాడు. ఆ సూది వేయించుకున్నవాళ్లకే దాని సంగతి తెలుసు. మందు చిక్కగా ఉంటుంది, నడుము కింద రాయిలా గడ్డకడుతుంది, రెండు రోజులు కుంటుతూ నడవాలి. నేను దారి పొడుగునా ఏడ్చేదాన్ని. ఒక ఏడాది అన్న ఓపిక పట్టాడు. ఆ తర్వాత ఒక రోజు దవాఖాన గేటు ముందు సైకిల్ ఆపి, నా మొహం చూసి, సైకిల్ మళ్లించి మిర్చి బజ్జీల బండి దగ్గరికి తీసుకుపోయాడు.

"ఇంట్ల సెప్పకు," అన్నాడు. "సూది వడ్డదని కుంటుకుంట నడువు."

నేను బ్రహ్మాండంగా కుంటాను. అప్పటినుంచి మూడు వారాలకొకసారి బజ్జీలే. నేను ఒక్కసారి కూడా ఇంట్లో నోరు విప్పలేదు. తప్పంతా అన్న మీద తోసేయడానికి లేకుండా ఆ బజ్జీలు నా నోట్లోనే ఉన్నాయి.

డిగ్రీకి వచ్చేసరికి కాలేజీ మెట్లెక్కితే దమ్ము వచ్చేది. మా దగ్గర దమ్ము రావడం ఒక విశేషమే కాదు. సాయంత్రం నేనూ అవ్వా వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. ఒళ్లో చాట, చాటలో తంబాకు, ముక్కుల్లో దాని దుమ్ము. వాడలో ఆడవాళ్లందరూ దగ్గేవాళ్లే, అందరూ ఆయాసపడేవాళ్లే. "తంబాకు దమ్ము," అనేది అవ్వ, "నాకు లేదా, మీ అమ్మమ్మకు లేకుండెనా?" అని. ఇంటింటికీ ఉన్న రోగాన్ని ఎవరూ రోగం అనరు. నా ఆయాసం వాళ్ల ఆయాసాల మధ్య కలిసిపోయింది. దాన్ని ఊపిరితిత్తుల లెక్కలో వేసుకున్నాం, గుండె లెక్కలో వేయాలని ఎవరికీ తోచలేదు.

పెళ్లిచూపులకు వచ్చిన అత్తమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఏం చదివావని కాదు. "బీడీలు వస్తయా?" అని. వస్తాయన్నాను. దినానికి ఎన్ని చేస్తావని అడిగింది, చెప్పాను, సంబంధం కుదిరింది. నా డిగ్రీ సర్టిఫికెట్ మా ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది.

అత్తగారిది నందిపేట్ పక్క ఊరు. పసుపు పండించే ఇల్లు. మా ఆయన మంచివాడు. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను, తర్వాత కోపంలో మరిచిపోతానేమోనని. మాట తక్కువ, పని ఎక్కువ, నన్ను చెయ్యెత్తి కొట్టినవాడు కాదు. మొదటి ఏడాది పసుపు తవ్వకాల్లో అందరితోపాటు నేనూ చేన్లో కూర్చుని కొమ్ములు విరిచాను. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. గంప నెత్తిన పెట్టుకుని గట్టెక్కితే ఊపిరి అందేది కాదు. అత్తమ్మ పక్కవాళ్లతో "సదువుకున్న పిల్ల గద, సాకులు మస్తు," అనేది, నాకు వినబడేంత గట్టిగా. రెండో ఏడాదికి పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలైంది. పసుపు ఉడకబెట్టే రోజు కడాయి పక్కన కూలబడ్డాను. అప్పుడు గానీ నిజామాబాద్ తీసుకుపోలేదు.

అక్కడ గుండెల డాక్టరు నా ఛాతీ మీద చల్లటి జెల్లు రాసి, తెర మా ఆయన వైపు తిప్పి చూపించాడు. తెర మీద ఎరుపూ నీలమూ రంగులు కొట్టుకుంటున్నాయి. గుండెలో ఎడమవైపు రెండు అరల మధ్య ఒక కవాటం ఉంటుంది, రక్తం ముందుకు పోగానే అది మూసుకోవాలి, ఈమెది పూర్తిగా మూసుకోవడం లేదు, ప్రతి దెబ్బకూ కొంత రక్తం వెనక్కి కారుతోంది అన్నాడు. చిన్నప్పటి జ్వరం వల్లే అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. మా ఆయన తెర వైపు కాసేపు చూసి, పెళ్లయ్యాక మొదటిసారి ఒక డాక్టరు ముందు గట్టిగా మాట్లాడాడు.

"మోటర్ ఫుట్‌వాల్ లీకయినట్టు అన్నట్టు గద సార్? పైపుల నీళ్లు నిలువకుంట బాయిలకు వాపసొచ్చినట్టు?"

"సరిగ్గా అదే! ఎంత బాగా చెప్పినవయ్యా," అని డాక్టరు సంతోషపడిపోయాడు.

ఆ సంతోషమే నా కొంప ముంచింది. డాక్టరు పాపం అర్థమైందని మెచ్చుకున్నాడు. మావాళ్లు మాత్రం గుండె అంటే మోటారేనని ఆ రోజు ఖాయం చేసుకున్నారు. మోటార్ల సంగతి ఎవరిని అడగాలో మా రెండు కుటుంబాల్లో అందరికీ తెలుసు. మా ఆయన బయటికొచ్చి మొదటి ఫోన్ మా అన్నకే చేశాడు.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖాన. సర్కారు కార్డు మీద ఆపరేషన్ అన్నారు. ఎనిమిది మంచాల వార్డులో కిటికీ పక్క మంచం నాది. రెండు రోజులు పరీక్షలు చేశాక మూడో రోజు మధ్యాహ్నం ఒక కుర్ర డాక్టరు వచ్చి "పేషెంట్ తరఫు వాళ్లు రండి," అని పిలిచాడు. మా ఆయనా, అన్నా లేచి వెళ్లారు. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. నడవగలను, వినగలను, డిగ్రీ చదివాను. పేషెంటును నేనే అయినా పేషెంట్ తరఫు వాళ్లు వేరే ఉన్నారు. అప్పుడు నాకది వింతగా కూడా అనిపించలేదు. బర్రెకు జబ్బు చేస్తే డాక్టరు బర్రెతో మాట్లాడడు కదా.

గంట తర్వాత వచ్చారు. మా ఆయన చేతిలో మందుల సంచి ఉంది. అన్న వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు.

"నీ వాల్వ్‌నే కుట్టి సక్కగ జేస్తం అన్నరు ముందుగల్ల. రిపేర్ అట," అన్నాడు. "నేను వద్దన్న చెల్లె. కొత్తదే ఏపిస్తున్నం. ఫారిన్‌ది. లోహంది. బతికినన్నొద్దులు మల్ల జూసుకునే పని లేదట."

"రిపేర్ అయితే మల్ల ఎన్నేండ్లకో ఇంకొకపారి ఇప్పాల్సొస్తదేమో అన్నడు డాక్టర్," అన్నాడు మా ఆయన, అన్నను చూపిస్తూ. "బావ ఒక్కటే మాటన్నడు. ఒక్కసారి ఇప్పిన మోటర్ మల్ల మునుపటి లెక్క కాదని."

చూడండి. బోధన్ చుట్టుపక్కల రైతులందరికీ కొత్తదాని లెక్క నడుస్తదని చెప్పే మనిషి, చెల్లెలి దగ్గరికొచ్చేసరికి తన వృత్తిలోని అసలు నిజం బయటపెట్టాడు. నిజం చెప్పడానికి ఆయనకు నా గుండే దొరికింది. కానీ ఆ రోజు నేనలా అనుకోలేదు. ఉన్న నిజం రాయాలి గనక రాస్తున్నాను, ఆ రోజు నాకు గర్వమనిపించింది. పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ కలిసి నాకు అతుకుల బొంత వద్దని కొత్తది పెట్టిస్తున్నారు. పక్క మంచం పెద్దమ్మ "అదృష్టమంతురాలివి బిడ్డా," అంది. అవునేమోననుకున్నాను.

సాయంత్రం ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు వార్డుకు వచ్చాడు. వెంట నలుగురైదుగురు కుర్ర డాక్టర్లు. నా ఫైలు తిరగేసి, "మీవాళ్లు మార్చమన్నారట, నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడిగాడు. నా జబ్బు మొదలైన దగ్గర్నుంచి నన్ను నీకేం కావాలని అడిగిన మొదటి మనిషి ఆయన. నేనేమన్నానో తెలుసా?

"మా అన్న ఎట్లంటే అట్ల సార్."

ఆయన ఫైలు మూశాడు. "పిల్లలున్నారా?" అన్నాడు. ఇంకా లేరన్నాను. ఆయన పక్కనున్న కుర్ర డాక్టరు వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడిగాడు, అన్నీ చెప్పానన్నట్టు ఆ అబ్బాయి తలూపాడు. ఇంతలో ఫోన్ మోగింది, మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. తర్వాత నర్సు కాగితాలు తెచ్చింది. నాలుగు పేజీలు, ఇంగ్లీషు. అన్న వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాను. పాత పేపర్లో చుట్టి తెచ్చిన బెల్లం ముక్క విప్పి, ఆ పేపరు కూడా చదివి పారేసే అలవాటు నాది. నా గుండె కాగితాలు మాత్రం చదవలేదు.

ఆపరేషన్ అయింది. దాని నొప్పి గురించి రాయను, అందరిదీ ఒకటే. తెలివొచ్చి, గొంతులోంచి గొట్టం తీశాక, ఛాతీలో ఒక చప్పుడు వినిపించింది. టిక్కు, టిక్కు. లోహపు రెక్కలు మూసుకునే చప్పుడు. ఇంటికొచ్చాక మా ఆయన దగ్గర కూర్చుని చెవి పెట్టి విని "గడియారం లెక్క నడుస్తుంది," అని మురిసిపోయేవాడు. నిజంగానే దమ్ము పోయింది. పడుకుంటే నిద్ర వచ్చింది. అత్తమ్మ చుట్టాలందరికీ "మా కొడుకు కోడలికి కొత్తదే ఏపిచ్చిండు," అని చెప్పుకునేది. ఆ మొదటి ఆరు నెలలూ నా జీవితంలో నాకు దొరికిన మర్యాద అంతా ఇంతా కాదు.

లోహం మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక గోలీ. రక్తం ఎంత పలచగా ఉందో చూడ్డానికి నెలకోసారి నిజామాబాద్‌లో పరీక్ష. పుంటికూర, పాలకూర ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ తినకూడదు, గోలీ పని పాడవుతుంది. చెయ్యి తెగితే రక్తం ఓ పట్టాన ఆగదు కాబట్టి కొడవలి పట్టకూడదు. ఇవన్నీ సర్దుకున్నాను. బతకడానికి ఇంత చేయాలంటే చేస్తాం కదా. ఏడాది తిరిగింది. ఇక పిల్లల సంగతి చూసుకోవచ్చా అని నిజామాబాద్ డాక్టరును అడిగాను. అడిగేటప్పుడు సిగ్గుపడి నవ్వాను కూడా.

ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది వేసేటప్పుడు మీకు చెప్పలేదా?" అన్నాడు.

చెప్పింది ఇదీ. ఈ గోలీ కడుపులో బిడ్డకు మంచిది కాదు. గోలీ ఆపితే వాల్వ్ మీద రక్తం గడ్డకట్టి తల్లి పోవచ్చు. కడుపు మీద సూదులు మార్చి మార్చి వేసి కొందరిని గట్టెక్కిస్తారు గానీ, బిడ్డకూ భరోసా లేదు, తల్లికీ భరోసా లేదు. అందుకే పిల్లలు కావాలనుకునే వయసులో వీలైనంతవరకు సొంత కవాటాన్నే బాగుచేస్తారు, దానికి ఈ గోలీతో పని ఉండదు అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు చూడండి, నేను ఆ రెండింటి మధ్యలో కుర్చీలో కూర్చుని ఉన్నాను.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "మాకెవ్వలు సెప్పలే సార్," అన్నాడు. "దేవుని మీద ఒట్టు, ఒక్కలు సెప్పలే."

అప్పటినుంచి ఆయన కనబడిన ప్రతివాడికీ దవాఖానవాళ్లు మోసం చేశారని చెప్పేవాడు. నేనూ నమ్మాను. ఆ కుర్ర డాక్టరును తలచుకుని తిట్టుకోని రోజు లేదు. ఎవరో ఒకరిని తిట్టుకోకపోతే బతకడం కష్టం.

అయినా ఒకసారి కడుపు నిలిచింది. డాక్టరు వద్దనలేదు, అవుననలేదు, సూదులు రాశాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నేనే పొట్ట మీద పొడుచుకున్నాను. పొట్టంతా నీలం మచ్చలు తేలాయి. చిన్నప్పుడు మూడు వారాలకొకసారి సూదికి ఏడ్చిన పిల్లను రోజుకు రెండు పొడుచుకుంటూ ఒక్కసారి మూలగలేదు. నాలుగో నెల నిండకముందే పోయింది. దాని గురించి ఇంతకంటే రాయను. ఇంకోసారి అయితే నిన్ను కాపాడలేకపోవచ్చు అన్నారు. వారం తర్వాత అత్తమ్మ వాకిట్లో ఎవరితోనో అంటుంటే విన్నాను: "కొత్తది ఏపిస్తే మాత్రం ఏం ఫాయిద, ఇల్లు సప్పుడు లేకపాయె." ఇంట్లో ఉన్న చప్పుడు నా ఛాతీలోది ఒక్కటే, అది ఆమెకు వినబడదు.

పోయిన మాఘంలో నెల పరీక్షకు నిజామాబాద్ పోయాను. ఇంటి దగ్గర పసుపు తవ్వుతున్నారు, మా ఆయన రాలేదు. డాక్టరు గది బయట బెంచీ మీద నా పక్కన ఒక పిల్ల కూర్చుంది. ఏడో నెల కడుపు. జాకెట్టు మెడ దగ్గర నిలువు గాటు చివర కనబడుతోంది. నాకున్నట్టే. ఆమె కూడా నా గాటు చూసింది. ఇద్దరం కొంగులు సర్దుకోబోయి ఆగిపోయి నవ్వుకున్నాం.

మోర్తాడ్ దగ్గరి పిల్ల. నాకంటే రెండేళ్లు చిన్న. అదే చిన్నప్పటి కీళ్ల జ్వరం, అదే లీకు. అదే హైదరాబాద్ దవాఖాన, చివరికి అదే పెద్ద డాక్టరు. మాటల్లో నేను "నువ్వు ఏ గోలీ ఏసుకుంటున్నవు?" అని అడిగాను.

"పల్చగ చేసేదా? నాకు లేదక్క. నాది రిపేరే గద," అంది.

"లీకు ఆగిందా?"

"జరంత ఉన్నదంటుండ్రు. మల్ల పదేండ్లకో ఎప్పటికో ఇప్పాల్సి వస్తే వస్తదట. అప్పటికి వీడు బడికి వోతడు," అని పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"రిపేర్ అని ఎవరన్నరు మీ ఇంట్ల?"

"ఇంట్లోళ్లా? ఎవ్వల్లేరక్క. డాక్టర్ వచ్చినప్పుడు మావోళ్లంత కిందికి చాయ్ తాగవోయిండ్రు. నన్నే అడిగిండు. పిల్లలు గావాల్నా అన్నడు. గావాలె అన్న. మావోళ్లు వచ్చినంక తిట్టిండ్రు, అంతల్నే అయిపాయె."

ఆమెకూ నాకూ మధ్య ఉన్న తేడా ఒక చాయ్. ఆమెవాళ్లు ఆ పావుగంట చాయ్‌కి పోయారు, నావాళ్లు పోలేదు. నావాళ్లు మంచివాళ్లు, నన్ను వదిలి కదలలేదు. ఆమె అత్త పక్కన కూర్చుని కమలాపండు తొనలు వలిచి ఆమె చేతిలో పెడుతోంది. నేను ఆ తొనల వైపు చూస్తూ కూర్చోలేకపోయాను. కుళ్లుకున్నానని ఒప్పుకుంటున్నాను. ఆ పిల్ల సుఖంగా కనాలని ఆ క్షణాన నేను కోరుకోలేదు. తర్వాత కోరుకున్నాను, కానీ ఆ క్షణాన కోరుకోలేదు.

అప్పుడే నాకొకటి తట్టింది. ఈమెను అడిగిన దవాఖాన మావాళ్లకు చెప్పకుండా ఎలా ఉంటుంది? పెద్ద డాక్టరు అడిగితే ఆ కుర్ర డాక్టరు అన్నీ చెప్పానని తలూపాడు కదా. ఎవరికి చెప్పాడు? పరీక్ష చేయించుకోకుండానే లేచి బస్టాండుకు పోయి బోధన్ బస్సెక్కాను.

అన్న షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. మోటారు కడుపులోకి కొత్త తీగ చుడుతున్నాడు. నన్ను చూసి సంబరపడ్డాడు, లేవబోయాడు. నేను కూర్చోలేదు.

"ఒక్క మాట అడుగుత, నిజం సెప్పన్నా. ఆ దినం డాక్టర్ పిల్లల ముచ్చట సెప్పిండా?"

అన్న చేతులు ఆగిపోయాయి. తలెత్తకుండా తీగ కొసను వేలికి చుట్టి విప్పాడు. లేదంటాడనుకున్నాను. లేదనాలని లోపల ఎక్కడో మొక్కుకున్నాను కూడా.

"సెప్పిండు," అన్నాడు.

"ఆయనకెర్కనా?"

"లేదు. బావ అప్పుడు మందుల చిట్టీ తీస్కొని కిందికి వోయిండు. నేను ఒక్కన్నే ఉన్న. లోహంది ఏస్తే పిల్లల్ని కనుడు కష్టం, ఆలోచన జేసుకోండ్రి అన్నడు. బావ వచ్చినంక నేను సెప్పలే."

"ఎందుకు?"

"సెప్తే వాళ్లు రిపేరే అందురు," అన్నాడు. ఇప్పుడు తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "వాళ్లకు పిల్లలు గావాలె. నాకు నువ్వు గావాలె. రోజు సూస్తున్న గద చెల్లె, ఒక్కసారి ఇప్పినవి ఎన్ని వాపసొస్తయో. మోటర్ కాలితే మల్ల దింపుతరు. నువ్వు కాలితే ఎక్కడికెల్లి తేవాలె నేను? అవ్వకు ఏం మొకం సూపియ్యాలె?"

"మరి నన్ను అడగవైతివి? నేను పక్క వార్డులనే ఉంటి గదన్నా. మంచం మీద కూసొనే ఉంటి."

"అడుగుదామనే వచ్చిన. తలుపు దాంక వచ్చిన."

"మరి?"

"అడిగితే నువ్వేమంటవో నాకెర్క," అన్నాడు అన్న. "గందుకే అడగలే."

బయట రోడ్డు మీద వడ్ల లారీలు పోతున్నాయి. నాకు అరవాలనిపించింది. ఆ షెడ్డులోని మోటార్లన్నీ ఎత్తి రోడ్డు మీద పడేయాలనిపించింది. దవాఖానను తిట్టుకుంటూ గడిపిన ఇన్నాళ్లూ గుర్తొచ్చాయి, పిల్లలు లేరని తలెత్తి తిరగలేక చివరికి నలుగురిలోకి రావడమే మానేసిన మా ఆయన గుర్తొచ్చాడు. ఏమీ ఎత్తలేదు, ఏమీ పడేయలేదు. గట్టిగా కోపం తెచ్చుకుంటే గోలీ మీదున్న మనిషికి మంచిది కాదని కూడా చెప్పారు. నాకు తోచినంత చేదుగా, ఆయన గుండెలో దిగాలని, ఒక్క మాటన్నాను:

"నువ్వు అనుకున్నట్టే అయింది. బతికిన పో."

అన్న మొహంలో ఏదో సడలింది. ఆ మాటను ఆయన మరోలా విన్నాడు. అన్నేళ్లుగా నా నోటి నుంచి వినాలని కాచుకున్న మాటేదో విన్నట్టు, గ్రీజు చేతుల వెనక భాగంతో కళ్లు తుడుచుకున్నాడు.

"గంతే చాలు చెల్లె," అన్నాడు. "నాకు గంతే చాలు."

నాకు చాలదు. ఆ మాట ఆ రోజు ఆయన మొహం చూస్తూ అనలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.